పాసుపుస్తకం ఒక బ్యాంకుది, తెర మరొకరిది

రాజమహేంద్రవరంలోనో, పాలకొల్లులోనో, అమలాపురంలోనో బ్యాంకు ఖాతా ఉన్న సామాన్యుడు తరచుగా వేసే ప్రశ్న ఒకటి ఉంది. ఒకే వీధిలో ఎదురెదురుగా రెండు బ్యాంకులు ఉన్నప్పుడు, ప్రైవేటు బ్యాంకు ఖాతాదారులు పనులన్నీ ఫోనులోనే ముగించుకుంటుంటే ప్రభుత్వ బ్యాంకు ఖాతాదారులు ఇప్పటికీ పాసుపుస్తకం పట్టుకుని వరుసలో ఎందుకు నిలబడుతున్నారు? అరుగుల మీద దొరికే జవాబు తేలికైనదే: ప్రైవేటువాళ్లది చురుకుదనం, ప్రభుత్వంవాళ్లది తాత్సారం. అందులో కొంత నిజం లేకపోలేదు గాని, దానితో పొసగని విషయం ఒకటి రోజూ కళ్లెదుటే జరుగుతూ ఉంటుంది. పాసుపుస్తకం అచ్చు వేయించుకోవడానికి అరగంట నిలబడిన ఆ మనిషే బయటికి వచ్చి టీ తాగి, కొట్టు బల్ల మీద అంటించిన చతురస్రపు గుర్తుకు ఫోను చూపి పది రూపాయలు చెల్లిస్తాడు. ఆ పది రూపాయలు బయలుదేరేది అప్పటిదాకా అతను కాచుకుని నిలబడిన ఆ ప్రభుత్వ బ్యాంకు ఖాతాలోనుంచే. ఒకే మనిషి, ఒకే ఖాతాకు సంబంధించిన ఒక పనికి ఫోనును నమ్మి, మరొక పనికి కౌంటరునే ఎందుకు నమ్ముకుంటున్నాడన్నది ఈ అధ్యాయంలో తేల్చవలసిన సంగతి.

ఫోనులో బ్యాంకు అంటే ఏమేమిటి

మొబైల్ బ్యాంకింగ్ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు వస్తువులు ఇమిడి ఉన్నాయి. మొదటిది కబురు: ఖాతాలో సొమ్ము పడినప్పుడు, తీసినప్పుడు ఫోనుకు వచ్చే సందేశం. కోనసీమ నుంచీ పశ్చిమ గోదావరి నుంచీ గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లిన స్త్రీల కుటుంబాలకు, కువైట్ నుంచి పంపిన డబ్బు పడిందని తెలియజేసే ఆ రెండు వరుసల సందేశమే ఫోనులో బ్యాంకుతో తొలి పరిచయం. దీనికి ఖాతాదారు నేర్చుకోవలసినది ఏమీ లేదు కనుక దీనిని స్వీకరించడం గురించి ఎవరూ చర్చించరు. రెండవది బ్యాంకు సొంత యాప్: నిల్వ చూసుకోవడం, డిపాజిట్ వేయడం, చెక్కు పుస్తకానికి అడగడం, అప్పు వాయిదా కట్టడం వంటి శాఖ పనులను తెర మీదికి తెచ్చే సాధనం. స్టేట్ బ్యాంకు 2017 నవంబరులో తెచ్చిన యోనో, ఐసీఐసీఐ బ్యాంకు ఐమొబైల్ ఈ కోవలోనివి. మూడవది చెల్లింపు యాప్: ఫోన్‌పే, గూగుల్ పే వంటివి. ఇవి బ్యాంకులు కావు. ఏ బ్యాంకులో ఉన్న ఖాతాకైనా తలుపు తీసే తాళాలు.

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి ఫలానా బ్యాంకు ఖాతాదారులలో ఇంతమంది మొబైల్ బ్యాంకింగును స్వీకరించారని చెప్పే లెక్క దేన్ని కొలిచిందో ముందు అడిగి తెలుసుకోవాలి. మన దేశంలో దీనికి నియమాలు ఏర్పడినది 2008 అక్టోబరులో; అప్పుడు రిజర్వు బ్యాంకు ఫోను ద్వారా రోజుకు 5,000 రూపాయల వరకు డబ్బు పంపడానికి, 10,000 రూపాయల వరకు వస్తువులు కొనడానికి మాత్రమే అనుమతి ఇచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరులో ఆ పరిమితిని 50,000కు పెంచి, 2011 డిసెంబరులో పరిమితిని బ్యాంకుల విచక్షణకే వదిలివేసింది. అంటే చట్టపరంగా తలుపు తెరుచుకుని చాలా కాలమే అయింది. లోపలికి వచ్చినవారు మాత్రం మరికొన్నేళ్ల దాకా కొద్దిమందే.

మొక్కజొన్న నుంచి ఐఆర్ 8 దాకా

కొత్త వస్తువును జనం ఎలా స్వీకరిస్తారన్న శాస్త్రం పుట్టినది బ్యాంకులలోనో కంప్యూటరు ప్రయోగశాలలలోనో అనుకుంటే పొరపాటు. అది పొలంలో పుట్టింది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో సంకర మొక్కజొన్న విత్తనం ఎలా వ్యాపించిందో బ్రైస్ రయాన్, నీల్ గ్రాస్ అనే ఇద్దరు గ్రామీణ సమాజ శాస్త్రవేత్తలు పరిశీలించి 1943లో ప్రకటించారు. 259 మంది రైతులలో ఇద్దరు తప్ప అందరూ 1928 నుంచి 1941 లోపల ఆ విత్తనానికి మారారు. వారు గమనించినదేమిటంటే, విత్తనం ఉందన్న కబురు చాలామందికి అమ్మకందారు నోటనే మొదట తెలిసింది గాని, వేద్దామన్న నిర్ణయానికి వచ్చేలా చేసినది ఇరుగుపొరుగు రైతుల మాట. ఈ బాటలోనే నడిచిన ఎవరెట్ రోజర్స్ 1962లో వెలువరించిన గ్రంథంలో ఇటువంటి పరిశీలనలను కూడగట్టి, ఒక కొత్తదనం వ్యాపించే తీరును సిద్ధాంతంగా నిలబెట్టాడు. జనంలో నూటికి ఇద్దరు ముగ్గురు సాహసించి ముందు దిగుతారు; వారి వెనుక ఊరు లెక్కచేసే పదమూడు పద్నాలుగు మంది వస్తారు; ఆ తరువాతే తక్కిన ఊరు కదులుతుంది; చివర పదహారు మంది మిగులుతారు.

గోదావరి డెల్టాలోని పాఠకుడికి అయోవా దాకా వెళ్లవలసిన పని లేదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్ 8 వంగడాన్ని ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967లోనే తన పొలంలో పండించి చూపారు; దేశంలో ఆ వరిని తొలిగా పండించిన రైతులలో ఆయన పేరు చెబుతారు. పొట్టిగా పెరిగే ఆ పైరు గింజ బరువుకు పడిపోదన్న సంగతి గట్టు మీద నుంచి చూసినవారికి ఒకరు చెప్పకుండానే అర్థమైంది. ఆ తరువాత మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ వంగడం కూడా గట్టు మీది చూపుతోనే పొలం నుంచి పొలానికి పాకింది.

రోజర్స్ చెప్పిన లక్షణాలలో ఇక్కడ పనికివచ్చేవి మూడు. వస్తువు పాత అలవాటుకు పొసగాలి. కొంచెం పెట్టి పరీక్షించడానికి వీలుండాలి. ఒకరు వాడితే పక్కవారికి కనబడాలి. మొదటిదానిని పొందిక అనీ, రెండవదానిని పరీక్ష వీలు అనీ, మూడవదానిని కంటి సాక్ష్యం అనీ అనుకోవచ్చు. కొత్త వంగడం మీద గురి కుదరని రైతు మొత్తం చేనులో వేయకుండా ఒక మడిలో వేసి చూసినట్టే, కొత్తగా ఫోనులో డబ్బు పంపడం నేర్చుకున్న మనిషి పెద్ద మొత్తం పంపే ముందు ఒక్క రూపాయి పంపి, అవతలివారికి ఫోను చేసి, డబ్బులు పడ్డాయా అని అడుగుతాడు. ఆ ఒక్క రూపాయి అతని పరీక్ష మడి. కంటి సాక్ష్యం సంగతి చెప్పనే అక్కరలేదు: కొట్టులో పెట్టిన చిన్న పెట్టె ఫలానా మొత్తం అందిందని తెలుగులో గట్టిగా చెప్పినప్పుడు, వినేది కొట్టువాడు ఒక్కడే కాదు, వెనుక నిలబడిన నలుగురూ వింటారు. ఈ కొలతతో చూస్తే బ్యాంకు సొంత యాప్ ఎందుకు వెనుకబడిందో తెలుస్తుంది. అందులో డిపాజిట్ వేసుకున్నవాడిని పక్కవాడు చూడడు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను ఒక్క రూపాయితో పరీక్షించి చూసే వీలూ లేదు. పనికిరాకపోవడం వల్ల అది వెనుకబడలేదు; గట్టు మీద నుంచి కనబడకపోవడం వల్ల వెనుకబడింది.

ఇక మనిషి మనసులో ఏం జరుగుతుందన్నది వేరే శాస్త్రం. అమెరికన్ పరిశోధకుడు ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రకటించిన నమూనా ప్రకారం, ఒక సాంకేతిక సాధనాన్ని వాడాలా వద్దా అన్న నిర్ణయం రెండు నమ్మకాల మీద నిలుస్తుంది: ఇది నా పనికి ఉపయోగపడుతుందన్న నమ్మకం ఒకటి, దీనిని వాడడం నాకు కష్టం కాదన్న నమ్మకం మరొకటి. 2003లో విశ్వనాథ్ వెంకటేశ్, ఆయన సహచరులు దీనిని విస్తరించి, తనకు కావలసినవారు ఏమనుకుంటారన్నదాన్నీ, వాడడానికి కావలసిన సదుపాయాలు చుట్టూ ఉన్నాయా లేవా అన్నదాన్నీ చేర్చారు. డబ్బుతో పని కనుక తరువాతి పరిశోధకులు భయాన్ని కూడా ఇందులో కలిపారు. బ్యాంకు ఖాతాదారుల మీద జరిగే సర్వేలలో చాలా భాగం ఈ నమూనాల ప్రశ్నపత్రాలతోనే సాగుతాయి. వాటి బలం కొలత. వాటి బలహీనత, ఖాతాదారును ఒంటరి మనిషిగా ఊహించుకోవడం. ఒక్క ఫోను నలుగురి మధ్య తిరిగే ఇంట్లో ఆ ఊహ ఎంతవరకు నిలుస్తుందో ముందు ముందు చూడవలసి ఉంది.

డెల్టాలో బ్యాంకుల వంశవృక్షం

ఇక్కడి ఖాతాలు ప్రభుత్వ బ్యాంకులలోనే ఎక్కువగా పేరుకోవడానికి చరిత్ర ఉంది. ఇప్పటి ఏలూరు జిల్లాలోని గుండుగొలనులో పుట్టిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించినప్పుడు అది ప్రైవేటు బ్యాంకే. 1980 ఏప్రిల్‌లో జాతీయం చేసిన ఆరు బ్యాంకులలో చేరి ప్రభుత్వ బ్యాంకు అయింది. ప్రభుత్వ బ్యాంకులు కొత్తదనానికి ఎప్పుడూ ఆమడ దూరమే అనేవారు, ఇదే ఆంధ్రా బ్యాంకు 1981లో, దేశంలో క్రెడిట్ కార్డు అన్న మాటే చాలామంది వినని రోజులలో, కార్డులు ఇచ్చిందని గుర్తు చేసుకోవచ్చు. పంట అప్పు, బంగారం తాకట్టు అప్పు, డ్వాక్రా సంఘాల పొదుపు, ఉద్యోగుల జీతాలు, పింఛన్లు, ప్రభుత్వ పథకాల సొమ్ము ఇవన్నీ దశాబ్దాలుగా ప్రవహించిన కాలువలు ప్రభుత్వ బ్యాంకుల శాఖలు, గ్రామీణ బ్యాంకులు, సొసైటీలే. 2014 ఆగస్టు 28న ప్రారంభమైన జన్‌ధన్ పథకంతో అప్పటిదాకా ఖాతా లేనివారు కూడా ప్రధానంగా వాటిలోకే వచ్చారు.

ప్రైవేటు బ్యాంకులు రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం వంటి పట్టణాలలో, వ్యాపారం ఉన్న చోట, జీతగాళ్లున్న చోట శాఖలు పెట్టుకున్నాయి. వాటి ఖాతాదారు ఖాతా తెరిచేనాటికే చేతిలో మంచి ఫోను, పనిచేసే కార్డు, తన పేరుతోనే ఉన్న సిమ్ కలవాడు. రెండు రకాల బ్యాంకుల ఖాతాదారులను పోల్చేవారు తరచుగా మరిచిపోయేది ఇదే. ప్రైవేటు బ్యాంకు యాప్ ఎక్కువమందిని ఆకట్టుకుందని తేలినప్పుడు, అది యాప్ గొప్పదనమా, లేక ఆ బ్యాంకు మొదటే ఏరుకున్న ఖాతాదారుల గుణమా అన్నది విడదీయనిదే పోలిక చెల్లదు. ఇరవై ఐదేళ్ల ఆక్వా కంపెనీ ఉద్యోగినీ, అరవై ఐదేళ్ల కౌలు రైతునూ పక్కపక్కన నిలబెట్టి బ్యాంకుల సామర్థ్యం కొలిచామనుకోవడం వంటిది అది.

దీనికి తోడు విలీనాలు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. బోర్డు మారడంతో పని అయిపోలేదు. ఐఎఫ్ఎస్‌సీ సంకేతం మారింది, చెక్కు పుస్తకం మారింది, ఫోనులోని యాప్ మారింది. పాత యాప్‌ను కష్టపడి నేర్చుకున్న విశ్రాంత ఉపాధ్యాయుడు కొత్తదానిని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. గోదావరి గ్రామీణ బ్యాంకు 2006లో చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకుగా మారి, 2025 మే 1న రాష్ట్రంలోని తక్కిన గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. ప్రైవేటు రంగంలోనూ ఇటువంటివి జరిగాయి. ఆంధ్ర పట్టణాల వ్యాపారులకు చిరపరిచితమైన వైశ్యా బ్యాంకు ఐఎన్‌జీ వైశ్యాగా మారి, 2015లో కోటక్ మహీంద్రాలో కలిసింది. స్వీకరణ గురించి రాసిన సిద్ధాంతాలలో, ఒకసారి స్వీకరించినవాడి చేతిలోని వస్తువును మార్చేస్తే ఏమవుతుందన్న అధ్యాయం చాలా సన్నగా ఉంటుంది.

సొమ్ము ఒకచోట, తెర ఒకచోట

జాతీయ చెల్లింపుల సంస్థ రూపొందించిన యూపీఐ 2016 ఏప్రిల్‌లో ఆరంభమైంది. ఆ ఏడాది అక్టోబరులో దేశమంతటా దాని మీద జరిగిన చెల్లింపులు సుమారు ఒక లక్ష. నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. చెలామణిలో ఉన్న డబ్బు విలువలో నూటికి 86 వంతులు ఆ నోట్లే. డిసెంబరు నాటికి యూపీఐ చెల్లింపులు 20 లక్షలకు చేరాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు డిజిటల్ చెల్లింపులపై ముఖ్యమంత్రుల సంఘానికి నాయకత్వం వహించడం, రాష్ట్రం ఏపీ పర్స్ పేరుతో చెల్లింపు యాప్‌లను ఒకచోట చేర్చడం ఆ నెలలలో జరిగినవే. అయితే నోట్ల కొరతే ఈ మార్పుకు మూలమని తేల్చివేయడం తొందరపాటు. కొత్త నోట్లు తిరిగి వచ్చిన తరువాత కూడా వాడకం పెరుగుతూనే పోయి 2019 అక్టోబరులో నెలకు 100 కోట్లు దాటింది. 2025 ఆగస్టులో 2,000 కోట్లు దాటింది. కొరత జనాన్ని గుమ్మం దాకా తెచ్చింది. వారిని లోపల నిలిపినది మరొకటి.

ఆ మరొకటి అర్థం కావాలంటే, ఖాతాను ఫోనుకు కలిపే పని ఎలా జరుగుతుందో దగ్గరగా చూడాలి. యాప్‌ను తెరిచి బ్యాంకు పేరు ఎంచుకోగానే, ఆ ఫోనులోని సిమ్ నుంచి ఒక సందేశం దానంతటదే వెళుతుంది; ఏ నంబరు నుంచి వెళ్లిందో, ఆ నంబరు బ్యాంకు పుస్తకాలలో ఎవరి ఖాతాకు రాసి ఉందో సరిచూసుకుని ఖాతాను తెర మీదికి తెస్తారు. తరువాత డెబిట్ కార్డు మీది చివరి ఆరు అంకెలు, కార్డు గడువు అడుగుతారు. ఫోనుకు వచ్చిన తాత్కాలిక సంకేతాన్ని కొట్టిన మీదట ఖాతాదారు నాలుగో ఆరో అంకెల రహస్య సంఖ్యను తానే పెట్టుకుంటాడు. అది పెట్టుకున్న తరువాత చెల్లింపుకు సాధారణంగా రెండు సాక్ష్యాలు ఉంటాయి: చేతిలో ఉన్న వస్తువు, అంటే ఆ సిమ్ ఉన్న ఫోను; తలలో ఉన్న విషయం, అంటే ఆ పిన్. ఈ రెండింటిలో ఒకటి దొంగ చేతికి చిక్కినా రెండవది అడ్డుపడుతుంది.

కాగితం మీద ఇది రెండు నిమిషాల పని. ప్రభుత్వ బ్యాంకు ఖాతాదారులలో చాలామంది ఆగిపోయినది ఈ మెట్ల దగ్గరే. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన నంబరు కొడుకుదై ఉంటుంది, కొడుకు హైదరాబాదులో ఉంటాడు. లేదా పాత సిమ్ ఎప్పుడో మూలపడి ఉంటుంది. జన్‌ధన్ ఖాతాతో వచ్చిన రూపే కార్డు కవరు విప్పకుండానే గడువు తీరిపోయి ఉంటుంది. నంబరు మార్పించుకోవడానికి దరఖాస్తు పట్టుకుని శాఖకే వెళ్లాలి. అంటే ఫోనులో బ్యాంకుకు దారి కౌంటరు మీదుగానే పోతుంది. కార్డు లేకపోయినా ఆధార్ ఆధారంగా పిన్ పెట్టుకునే వీలు తరువాత వచ్చింది గాని, అక్కడా ఆధార్‌కూ బ్యాంకుకూ ఒకే నంబరు ఉండాలి. ప్రశ్నపత్రాలలో ‘వాడడం కష్టమని భావిస్తున్నారా’ అని అడిగితే అవునని గుర్తు పెట్టే మనిషి బాధ తెర మీది బొమ్మలతో కాక, తన పేరుతో లేని సిమ్‌తో అయి ఉండవచ్చు. ప్రైవేటు బ్యాంకుల ఆధిక్యంగా కనిపించేదానిలో కొంత భాగం ఈ నంబరు సరిగ్గా కలిసి ఉండడమే కావచ్చు.

ఒకసారి కలిశాక మాత్రం విచిత్రం జరిగింది. యూపీఐలో డబ్బు బయలుదేరే ఖాతాల లెక్క తీస్తే అగ్రస్థానం స్టేట్ బ్యాంకుది. ఆ డబ్బును కదిలించే తెరల లెక్క తీస్తే నూటికి సుమారు 80 ఫోన్‌పే, గూగుల్ పే అనే రెండు ప్రైవేటు యాప్‌లవి. ప్రభుత్వ బ్యాంకు ఖాతాదారు మొబైల్ బ్యాంకింగును స్వీకరించాడు గాని, తన బ్యాంకు చేతుల మీదుగా స్వీకరించలేదు. కడియం నర్సరీలో మొక్కలు కొన్న మనిషి ‘ఫోన్‌పే కొట్టాను’ అంటాడే గాని, ఏ బ్యాంకు నుంచి కొట్టాడో చెప్పడు. అడగవలసిన అవసరం అమ్మినవాడికీ లేదు.

బ్యాంకు కనుమరుగైనంత మాత్రాన లేకుండా పోలేదు. 2020 మార్చి 5 సాయంత్రం ప్రైవేటు రంగంలోని యెస్ బ్యాంకు మీద ఆంక్షలు పడినప్పుడు, ఆ బ్యాంకు ద్వారా వ్యవస్థతో కలిసి ఉన్న ఫోన్‌పే ఆ రాత్రికి ఆగిపోయింది. మరునాడు ఐసీఐసీఐ బ్యాంకు ద్వారా తిరిగి మొదలైంది. తమ ఖాతాలు స్టేట్ బ్యాంకులో క్షేమంగా ఉండగా తమ చెల్లింపులు ఎందుకు నిలిచాయో ఎంతోమందికి అంతుపట్టలేదు. ప్రైవేటు అంటే పొరపాటు పడని యంత్రం అన్న నమ్మకానికి కూడా ఆధారం లేదు: పదేపదే సేవలు నిలిచిపోయినందుకు 2020 డిసెంబరులో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు కొత్త డిజిటల్ పథకాలను, 2024 ఏప్రిల్‌లో కోటక్ మహీంద్రా బ్యాంకు ఫోను ద్వారా కొత్త ఖాతాదారులను చేర్చుకోవడాన్ని రిజర్వు బ్యాంకు కొంతకాలం ఆపించింది.

లెక్కలోకి వచ్చినవారు, వాడుకలోకి వచ్చినవారు

ప్రభుత్వ రంగంలో జరిగిన పొరపాటు మరో రకం. 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా వారి బాబ్ వరల్డ్ యాప్‌లో కొత్తవారిని చేర్చడాన్ని నిలిపివేసింది. చేర్పించిన విధానంలో తీవ్రమైన లోపాలు కనిపించాయన్నది కారణం. యాప్‌లో నమోదైనవారి సంఖ్యను పెంచి చూపడానికి ఖాతాదారులవి కాని ఫోను నంబర్లను ఖాతాలకు కలిపారని పత్రికలలో కథనాలు వచ్చాయి. 2024 మేలో ఆంక్ష తొలగిపోయింది. స్వీకరణను అధ్యయనం చేసేవారికి ఈ ఉదంతం ఏ సర్వే కన్నా విలువైనది: లక్ష్యం విధించి చేర్పించినప్పుడు అంకె పెరుగుతుంది, వాడేవాడు పెరగడు.

దీనికి తిరగేసిన స్థితి ఇళ్లలో ఉంది. అక్కడ వాడకం ఉంటుంది గాని, వాడేవాడు ఖాతాదారు కాడు. గ్యాసు బుకింగుకూ, కరెంటు బిల్లుకూ, మనుమడి ఫీజుకూ మామ్మ ఖాతాలోని డబ్బే ఫోను ద్వారా పోతుంది. ఆ ఫోను నొక్కేది మనుమరాలు. మామ్మ పిన్ మనుమరాలికి తెలుసు, బ్యాంకు నియమం ప్రకారం తెలియకూడదు. దీనిని అరువు చేయి అనవచ్చు. డేవిస్ నమూనా ప్రకారం ఆ మామ్మకు ఉపయోగం మీద నమ్మకం ఉంది, వాడడం తేలికన్న నమ్మకం లేదు, అయినా వాడకం జరుగుతోంది. ఇటువంటి ఇంటికి ప్రశ్నపత్రం పట్టుకుని వెళ్లినవాడు ఎవరిని అడగాలి?

స్త్రీల విషయంలో ఈ ప్రశ్న మరింత గట్టిది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము స్వయంగా వాడుకునే బ్యాంకు ఖాతా ఉన్న స్త్రీలు నూటికి 79 మంది కాగా, తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్నవారు 54 మందే. ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు అప్పటికి నూటికి 21 మంది. ఖాతా ఫోను కన్నా ముందు వచ్చింది. డ్వాక్రా సంఘం ఖాతా సంగతి చూస్తే, అది ఒకరి పేరున నడిచేది కాదు; సంఘం తీర్మానం, బాధ్యుల సంతకాలు కలిస్తేనే డబ్బు కదులుతుంది. ఒక సిమ్, ఒక పిన్ అన్న ఏర్పాటు ఒంటరి ఖాతాదారును దృష్టిలో పెట్టుకుని అల్లినది. పదిమంది కలిసి నడిపే పొదుపుకు అది ఇరుకు చొక్కా.

రోజర్స్ చివరి పదహారు మందికి పెట్టిన పేరుకు వెనుకబడినవారు అని అర్థం. ఆ పేరు ఎంత అన్యాయమో డెల్టా పల్లెలో తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక పింఛను నెల మొదటి తేదీన ఇంటికే వచ్చి చేతికి నోట్లుగా అందుతుంది. 2020 ఫిబ్రవరిలో ఈ పద్ధతి మొదలైంది, 2024 జూలై నుంచి వృద్ధులకు ఆ మొత్తం 4,000 రూపాయలు. డబ్బు నోట్లుగా గుమ్మంలోకే వచ్చినప్పుడు, ఖర్చు పెట్టేది కూడా సందు చివరి కొట్టులోనే అయినప్పుడు, పిన్ పెట్టుకోని వృద్ధురాలు వెనుకబడిందనడం కన్నా లెక్క సరిగ్గా వేసుకుందనడం నయం. మామూలు బటన్ ఫోనులో నక్షత్రం గుర్తు, 99, హ్యాష్ కొట్టి నడిపే సేవ 2014 నుంచీ, ఇంటర్నెట్ లేకుండా మాటతో చెల్లించే యూపీఐ 123పే 2022 మార్చి నుంచీ ఉన్నా అవి జనంలోకి పెద్దగా పోకపోవడానికి కారణం ఇక్కడే ఉంది: సౌకర్యం తెచ్చినవారు కష్టాన్ని తగ్గించారు గాని, ఆ మనిషికి కొత్త ఉపయోగాన్ని చూపలేదు.

కౌంటరు దగ్గరే మిగిలినవి

టీ కొట్టు చెల్లింపు ఫోనులోకి పోయినా, మనిషి వరుసలో ఎందుకు మిగిలాడన్న మొదటి ప్రశ్నకు ఇప్పుడు రావచ్చు. డెల్టాలో ప్రభుత్వ బ్యాంకుతో రైతుకు ఉండే అసలు బంధం అప్పు. బంగారం తాకట్టు పెట్టాలంటే గొలుసును గీటురాయి మీద గీసి, తూకం వేసి, మదింపుదారు చీటీ రాయాలి. ఆ పని ఏ తెర మీదా జరగదు. పంట అప్పుకు పట్టాదారు పాసుపుస్తకం కావాలి. డెల్టాలో నాగలి పట్టేవారిలో పెద్ద భాగం కౌలు రైతులు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం వారికి ఇచ్చే కార్డు చెల్లేది పదకొండు నెలలు, దానికీ భూ యజమాని సమ్మతి ఉండాలి. సంతకం పెట్టడానికి యజమాని వెనకాడినప్పుడు ఆ కౌలుదారుకు శాఖలోనే పుట్టని అప్పు యాప్‌లో పుడుతుందని ఆశించలేము. బ్యాంకు యాప్ ఉపయోగం, వెనుక ఉన్న బ్యాంకు ఇవ్వగలిగినంత వరకే.

రెండవది భయం. పిన్ డబ్బు పంపడానికే గాని అందుకోవడానికి అక్కరలేదన్న చిన్న సూత్రం తెలియక మోసపోయినవారు అన్ని జిల్లాలలో ఉన్నారు. డబ్బు ఇస్తామని చెప్పి, డబ్బు అడిగే అభ్యర్థన పంపి పిన్ కొట్టించే మోసం ఎంత పెరిగిందంటే, వ్యక్తుల మధ్య అటువంటి అభ్యర్థన పంపే వీలునే 2025 అక్టోబరు 1 నుంచి తీసివేశారు. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన నియమం ప్రకారం, ఖాతాదారు తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటివారి వల్ల సొమ్ము పోతే, మూడు పనిదినాలలో తెలియజేసిన ఖాతాదారుకు నష్టం అంటదు. కాని పిన్ తానే చెప్పినా, తానే కొట్టినా, ఫిర్యాదు చేసేదాకా పోయినది అతనిదే. 1930 నంబరుకు వెంటనే ఫోను చేస్తే డబ్బు చేతులు మారకుండా ఆపే అవకాశం కొంత ఉంటుంది. ఒక ఇంట్లో ఇలా జరిగితే ఆ వీధిలో కొందరు యాప్ తీసివేస్తారు. గట్టు మీది చూపు మంచి పంటనే కాదు, ఎండిన పంటనూ చూపుతుంది.

మూడవది ఫిర్యాదు, ఇక్కడే ప్రభుత్వ బ్యాంకు శాఖకు ఊహించని గిరాకీ పుట్టింది. ఖాతాలో డబ్బు తగ్గి అవతలివారికి చేరనప్పుడు, 2019 సెప్టెంబరు నాటి నియమం ప్రకారం మనిషికి పంపినదైతే మరుసటి రోజుకు, కొట్టుకు చెల్లించినదైతే ఐదు రోజులకు దానంతటదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం బ్యాంకు చెల్లించాలి. ఈ సంగతి తెలియని ఖాతాదారు వెళ్లేది తనకు తెలిసిన చోటికే. చెల్లింపు జరిపిన యాప్‌కు ఊళ్లో గుమ్మం లేదు, బ్యాంకుకు ఉంది. కౌంటరులోని గుమస్తా ఆ యాప్ మాది కాదంటాడు, యాప్‌లోని సహాయ విభాగం మీ బ్యాంకును అడగమంటుంది. వ్యాపారుల నుంచి యూపీఐ మీద రుసుము తీసుకోరాదని 2020 జనవరి నుంచి నియమం ఉండడంతో, డబ్బు బయలుదేరే ఖాతాను నిర్వహించే బ్యాంకుకు ఈ రద్దీ వల్ల వచ్చే ఆదాయం ప్రభుత్వం ఇచ్చే ప్రోత్సాహక మొత్తం తప్ప మరేమీ లేదు. వచ్చేది ఎక్కువగా ఇటువంటి విచారణలే. అందువల్ల పాసుపుస్తకం అచ్చు యంత్రం ముందు వరుస ఇప్పుడు తగ్గడానికి బదులు కొన్ని చోట్ల పెరిగింది: చిన్న చిన్న చెల్లింపులు రోజుకు పదేసి జరిగే ఖాతాకు పుస్తకంలో పేజీలు చాలవు, ఏది ఎవరికి పోయిందో కాగితం మీద చూసుకుంటే తప్ప నమ్మకం కుదరని మనిషి నెలలోనే కొత్త పుస్తకం అడుగుతాడు.